హెడ్మాస్టరు గారి గేటుకు అక్క సైకిలు

ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా నా జేబులో తాళంచెవి అనే వస్తువు లేదు. ఆ రోజుల్లో అదొక లోటని నాకు తోచలేదు సరికదా, జేబు తేలిగ్గా ఉండి నడక సుఖంగా సాగేది. టేకులపల్లి నుంచి అడవిలోకి తొమ్మిది కిలోమీటర్లు పోతే మా ఊరు. ఇళ్ళకు వెదురు తడికలే తలుపులు. తడిక వేయడమంటే కుక్కలకూ కోళ్ళకూ చెప్పే మాటే తప్ప మనుషులకు చెప్పేది కాదు. ఊరు మొత్తానికి ఏడు సైకిళ్ళుండేవి. ఏది ఎవరిదో అందరికీ తెలుసు, ఏ రోజు దాన్ని ఎవరు తొక్కుతారో మాత్రం ఆ రోజే తెలిసేది. సంతకో క్షవరానికో పోవలసినవాడు ఎదురుగా కనిపించిన సైకిలు తీసుకుపోయేవాడు. ఇంట్లో అడగడానికి మనిషి లేకపోతే సైకిలు నిలబెట్టిన చోట పచ్చి రెమ్మ ఒకటి విరిచి పెట్టేవాడు. మనవాళ్ళే ఎవరో తీసుకుపోయారు, రెమ్మ వాడేలోగా తెచ్చేస్తారు అని దానికి అర్థం. (రెమ్మ ఎండి పొయ్యిలోకి పనికొచ్చే దశలో తెచ్చినవాళ్ళూ ఉన్నారు. మా మేనమామ ఒకడు.)

ఇలాంటి చదువుతో నేను ఖమ్మం పోయాను. అక్కడ ఒక చిన్న ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే ఇంటింటికీ పోయి, పరగడుపున ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకుని తొమ్మిదిలోపు ల్యాబ్‌కు చేర్చడం నా పని. సైకిలు ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగం. నాకు లేదు, మా అక్కకు ఉంది. అక్క ఆశా వర్కర్. నాలుగు గుంపులు తన కింద ఉండేవి (గుంపు అంటే పది పదిహేను గుడిసెల చిన్న పల్లె). ఎవరికి జ్వరం వచ్చినా పోయి వేలికి సూది గుచ్చి, మలేరియా అవునో కాదో చూసి, మాత్రలు ఇచ్చి రావాలి. అది సైకిలు మీద చేసే పని. అయినా నాకు ఉద్యోగం వచ్చిందనగానే చైన్ కవరు మీద తన పేరు రాయించుకున్న ఆ లేడీస్ సైకిలును తుడిచి, బస్సు మీదికి ఎక్కించే దగ్గర నా చేతికిచ్చింది. ఎండాకాలం జ్వరాలు తక్కువ, నడిచి సర్దుకుంటానంది. ఒక్క మాటే చెప్పింది.

"తొలకరి పడ్డదంటే నాకు గావాలె తమ్ముడా. జరాలు మొదలైతయి. అప్పటిదాంక నువ్వే తిప్పుకో."

ఈలోగా నాది నేను కొనుక్కుంటాననీ, తొలకరి మబ్బు పట్టిన రోజే సైకిలు నీ గడపలో ఉంటుందనీ మాటిచ్చాను. మాటివ్వడంలో నేను ఎప్పుడూ వెనకాడలేదు.

ఖమ్మంలో నాతోపాటు గదిలో ఉన్న అన్నది తిరుమలాయపాలెం దగ్గర ఊరు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. చదువుకునే రోజుల్లో ఇదే పట్నంలో రెండు సైకిళ్ళు పోగొట్టుకున్నాడట. అప్పటి నుంచి లోకం మీద ఒక కన్నేసే ఉంచాడు, నిద్రలో కూడా. అందరూ ఆయన్ని సీసీ కెమెరా అనేవాళ్ళు. నేను కెమెరా అన్న అనేవాణ్ణి.

చేరిన నాలుగో రోజు ల్యాబ్‌లోంచి బయటికొచ్చి చూస్తే వేపచెట్టు కింద నిలబెట్టిన సైకిలు లేదు. అది ఉన్న చోట పచ్చి వేపరెమ్మ ఒకటి పడి ఉంది. నా మనసు ఎంత నిమ్మళించిందో చెప్పలేను. ఖమ్మంలోనూ మనలాంటి మనుషులే ఉన్నారనుకుని, ఎదురుగా టీ బండి దగ్గర కూర్చుని, తీసుకుపోయిన పెద్దమనిషి తెచ్చి ఇస్తాడని ఎదురు చూశాను. రెండు గంటలు. టీ బండి అతను ఎవరి కోసమని అడిగితే, మా సైకిలు తీసుకపోయినాయన కోసం అన్నాను. ఆయన పేరేంటని అడిగాడు. తెలియదన్నాను. ఆ తర్వాత అతను గ్లాసులు కొంచెం నా చేతికి దూరంగా జరుపుకున్నాడు. సాయంత్రం కెమెరా అన్న వచ్చి, విషయం విని, మొహం కడుక్కునేటంత సేపు తల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ల్యాబ్ వాచ్‌మన్‌ను అడిగితే తేలిందేమిటంటే, ఎండకు టైర్లు పాడవుతాయని ఆయనే సైకిలును వెనక రేకుల షెడ్డులోకి తోశాడు. రెమ్మ గాలికి పడింది.

"రెమ్మ పెట్టిపోనీకి ఖమ్మంల దొంగలకు చెట్లేడున్నయ్ తమ్మి," అన్నాడు కెమెరా అన్న. "రేపటిసంది నేను చెప్పినట్టు జెయ్."

మర్నాటి నుంచి నాకు చదువు మొదలైంది. కెమెరా అన్న శాస్త్రం ప్రకారం సైకిలుకు ఉండే సొంత తాళం తాళమే కాదు, అలంకారం. ముందు చక్రానికి కడితే చక్రం వదిలి మిగతాది పట్టుకుపోతారు. వెనక చక్రానికి కడితే సైకిలు మొత్తం భుజానికెత్తుకుని పోతారు. గొలుసు ఫ్రేములోంచీ చక్రంలోంచీ దూరి, భూమిలో పాతిన దేన్నో పట్టుకోవాలి. ఒకే చువ్వకు చుడితే దాన్ని వంచుతారు కాబట్టి రెండు చువ్వలు కలిపి చుట్టాలి. తాళంచెవి జేబులో ఉంటే జేబు కొడతారు కాబట్టి చొక్కా లోపల పిన్నీసుతో గుచ్చుకోవాలి. రెండో చెవి అదే ఊళ్ళో ఉండకూడదు. దాన్ని ఆయన తిరుమలాయపాలెంలో వాళ్ళ అమ్మ పోపుల డబ్బాలో భద్రపరిచాడు. నొక్కితే చాలు చెవి లేకుండానే పడిపోయే తాళం కప్పనూ, ఎడ్లను కట్టేసేంత గొలుసునూ ఆయనే దగ్గరుండి కొనిపించాడు.

ఆ రోజు నుంచి నా జీవితం గొలుసు విప్పడం, గొలుసు చుట్టడం అయిపోయింది. పొద్దున్నే పన్నెండు ఇళ్ళు. పన్నెండుసార్లు వంగాలి, చుట్టాలి, నొక్కాలి, లాగి చూడాలి. చొక్కా గుండీలు విప్పి పిన్నీసు తీసి, చెవి తిప్పి, మళ్ళీ గుచ్చుకోవాలి. నాలుగైదుసార్లు గుండెకే గుచ్చుకున్నాను. పరగడుపున ఉన్న మనిషికి కోపం ఎంత దగ్గరగా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళు రాత్రి ఎనిమిదికి తిన్న రెండు రొట్టెల మీద ఉంటారు. వంటింట్లోంచి కాఫీ వాసన వస్తుంటుంది. నేనేమో గేటు దగ్గర గొలుసుతో కుస్తీ పడుతుంటాను. సూది గుచ్చుతున్నప్పుడు నన్ను తిట్టని మనిషి ఆ వారాల్లో లేడు. ఒకావిడ, రక్తం తీయడానికి వచ్చావా ఇల్లు జప్తు చేయడానికి వచ్చావా అని అడిగింది. సాయంత్రానికి భుజాలు, నడుము, చేతివేళ్ళు ఒక్కటిగా నొప్పులు. ఊళ్ళో అడవంతా తిరిగినా అంత అలసిపోయేవాణ్ణి కాదు. సైకిలు తొక్కి అలసిపోయానంటే ఒక అందం, సైకిలును కాపాడి అలసిపోయానని ఎవరికి చెప్పుకోను?

ఈ అలసటలో రెండు జీతాలు వచ్చాయి, పోయాయి. నాది నేను కొనుక్కోలేదు. ఆ మధ్య ఖమ్మంలో రెండు వానలు కూడా పడ్డాయి. అవి తొలకరి కాదనీ, ఏదో మబ్బు దారి తప్పి వచ్చి కురిసి పోయిందనీ నాకు నేనే చెప్పుకున్నాను. అక్క ఫోన్ చేసినప్పుడు బువ్వ తిన్నవా అని అడిగేది, సైకిలు మాట ఎత్తేది కాదు. ఎత్తలేదు కాబట్టి అవసరం లేదని తేల్చుకున్నాను. ఆ తీర్మానం ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

మూడో వాన రాత్రంతా పడింది. తెల్లవారుతూనే కెమెరా అన్న విత్తనాలు పెట్టాలని తిరుమలాయపాలెం బయల్దేరాడు. గదిలో ఆరేసిన నా చొక్కా తడిగా ఉంటే వేరేది తొడుక్కుని, వానకని రాత్రి గొలుసు వేయకుండా గదిలోనే పెట్టిన సైకిలు తీసుకుని నేనూ ఆయనతోపాటే బయటపడ్డాను, గదికి తాళం ఆయనే వేశాడు. ఆ పొద్దు మొదటి ఇల్లు రిటైరైన ఒక హెడ్మాస్టరు గారిది. మధిర వైపు మనిషి, ఇరవై ఏళ్ళుగా షుగరు. ఆయన గేటుకు రెండు రెక్కలు, ఒక బోర్డు: 'ఆవులు వచ్చును. గేటు మూయవలెను.' లోపల అమ్మగారు వేసిన ముగ్గు ఉంది. బురద చక్రాలతో దాన్ని తొక్కడం ఇష్టంలేక సైకిలు బయటే నిలిపాను. లోపలికొచ్చి, బోర్డు చెప్పినట్టు గేటు మూశాను. తర్వాత చువ్వల సందులోంచి చేతులు బయటికి పెట్టి, గొలుసును ఫ్రేములోంచి, చక్రంలోంచి దూర్చి, శాస్త్రోక్తంగా రెండు చువ్వలు కలిపి చుట్టి తాళం నొక్కాను. ఆ రెండు చువ్వల్లో ఒకటి ఎడమ రెక్కది, ఒకటి కుడి రెక్కది.

రక్తం తీసుకుని బయటికొచ్చేసరికి గేటు అవతల ఆటో ఆగి ఉంది. అమ్మగారు చెల్లెలి మనవడి బారసాలకు పోవాలి. పట్టుచీర కట్టుకుని, సంచీ పట్టుకుని గేటు లాగారు. రాలేదు. నేను నవ్వుతూ ఒక్క నిమిషం అమ్మా అని చొక్కాలో చెయ్యి పెట్టాను. పిన్నీసు లేదు. పిన్నీసు ఉన్న చొక్కా గదిలో దండెం మీద ఉంది. గది తాళం కెమెరా అన్న దగ్గర ఉంది. రెండో చెవి పోపుల డబ్బాలో ఉంది. ఆయన ఫోన్ అందడం లేదు. గోడ దూకుదామని చూస్తే, దొంగల భయానికి హెడ్మాస్టరు గారు గోడ పొడవునా గాజుపెంకులు పాతించారు. ఒకరి జాగ్రత్త మీద ఇంకొకరి జాగ్రత్త పడి ఇల్లంతా ఖైదయింది.

అమ్మగారు అరుగు మీద కూర్చుండిపోయారు. హెడ్మాస్టరు గారు నా వైపు చెయ్యి చాపి, రక్తం ఇందాక తీశావు సరే, ఇప్పుడు బీపీ చూడు, అన్నారు.

ఆటో అతను పోయి వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసే పెద్దమనిషిని ఆక్సా బ్లేడుతో పిలుచుకొచ్చాడు. వెనకాలే ఓ పదిమంది వచ్చారు. ఆ పెద్దమనిషి గొలుసు పట్టుకుని చూశాడు, తాళం చూశాడు, సైకిలు చూశాడు, చైన్ కవరు మీద ఆడపిల్ల పేరు చదివాడు, నన్ను చూశాడు. బ్లేడు కింద పెట్టేశాడు.

"నీదేనని ఏంది గ్యారంటీ?" అన్నాడు. "నేను కోసినంక ఆ పిల్ల వచ్చి నన్ను పట్టుకుంటే?"

రశీదు లేదు. ఫొటో లేదు. మా అక్కదని చెబితే, దొరికినోళ్ళంతా అక్కదే అంటరని వెనకనుంచి ఎవరో అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పుట్టి ఇరవై మూడేళ్ళు ఎవరి సైకిలు ఎవరిదో అడగని ఊళ్ళో పెరిగి, మూడు నెలలు వేళ్ళు కాయలు కాచేలా దొంగల నుంచి సైకిలును కాపాడి, చివరికి చువ్వల వెనక నిలబడి దొంగనయ్యాను. (గేటు చువ్వలు పట్టుకుని నిలబడితే ఎంత మంచివాడైనా అలాగే కనిపిస్తాడు.) హెడ్మాస్టరు గారు మాత్రం బడి నడిపిన మనిషి కాబట్టి, గోల ఆపి, మీ అక్కకు ఫోన్ చెయ్, స్పీకర్ పెట్టు, అన్నారు. మా ఊళ్ళో సిగ్నల్ గాలిని బట్టి ఉంటుంది. నాలుగోసారికి అక్క ఎత్తింది. ఆయాసపడుతోంది.

"అమ్మా, నేను ఖమ్మంలో రిటైరైన హెడ్మాస్టర్ని," అన్నారాయన. "మీ తమ్ముడు మీ సైకిలు తెచ్చి మా గేటుకు గొలుసేసి కట్టేశాడు."

అక్కకు అర్థం కాలేదు. "ఎందుకు కట్టిండు సారూ?"

"ఎవరైనా ఎత్తుకుపోతారని."

"మీ ఇంట్లోళ్ళా?"

గేటు అవతల జనం నవ్వారు. అమ్మగారు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు ఆ మాట దిగమింగి, సైకిలుకు గుర్తులేమైనా ఉంటే చెప్పమన్నారు. అక్క వరసగా చెప్పింది. ఎడమ పెడలు విరిగితే మా నాయన టేకు చెక్కతో చేసి బిగించాడు. బెల్లు ఉంది గానీ మోగదు. సీటు కింద ఎర్రటి గుడ్డ కుట్టి ఉంటుంది, తన పాత చీరది. ఒక్కొక్కటి చెబుతుంటే బయట జనం వంగి వంగి చూసి, అవ్, ఉంది, అని సాక్ష్యం పలికారు. సైకిళ్ళ పెద్దమనిషి బ్లేడు మళ్ళీ చేతికి తీసుకున్నాడు. అయిపోయిందనుకుని ఫోన్ పెట్టేయబోతుంటే అక్క ఆగమంది.

"సారూ, కోసేటప్పుడు సైకిల్‌కు దెబ్బ తాకినా పర్వాలేదు. మా వాడు పొద్దుగాల ఏమన్న తిన్నడా, జర అడుగుండ్రి. సిగ్గుకు చెప్పడు."

నేను ఫోన్ అందుకుని, స్పీకర్ ఆపడం కూడా మరిచి, ఎక్కడున్నావని అడిగాను. చివరి గుంపుకు నడిచి పోతున్నానంది. వానలు మొదలై వారమైందనీ, అక్కడ ముగ్గురికి జ్వరాలనీ, తెల్లారకముందే బయల్దేరాననీ చెప్పింది. మరి సైకిలు కావాలని అడగలేదేమంటే, బాటంతా బురద, సైకిలున్నా నడిచేదే గదరా, అంది. ఆ బాట నాకు తెలుసు. మొదటి నుంచి చివరిదాకా మొరం పోసిన గట్టి బాట. వానలో కూడా సైకిలు చక్కగా పోతుంది. అక్కకు అబద్ధం చెప్పడం చేతకాదు, ఆ రోజు నా కోసం ప్రయత్నించింది.

తాళం తెగడానికి ముప్పావు గంట పట్టింది. రెండు బ్లేడ్లు విరిగాయి. మూడోదానికి తెగాక ఆ పెద్దమనిషి చెమట తుడుచుకుని, జబర్దస్త్ తాళం తమ్మి, ఏడ కొన్నవ్, అని గౌరవంగా అడిగాడు. ఆటో ఎప్పుడో వెళ్ళిపోయింది. కోత సాగుతుండగానే అమ్మగారు పట్టుచీరతోనే ఉప్మా చేసి, గేటు దగ్గరే నిలబడి నా చేత తినిపించారు. మీ అక్క అడిగితే తిన్నానని నిజం చెప్పు, అన్నారు. మిగిలిన పదకొండు ఇళ్ళవాళ్ళు ఆ పూట నన్నేమన్నారో, ల్యాబ్‌లో ఏమన్నారో రాయను. కొన్ని మాటలు అచ్చులో బాగుండవు.

మర్నాడు సెలవు పెట్టి సైకిలును బస్సెక్కించాను. టేకులపల్లిలో దించి, తొమ్మిది కిలోమీటర్లూ వానలో తొక్కుకుంటూ పోయాను. బాట మీద బురద లేదు. అక్క ఇంటి ముందు కూర్చుని కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటోంది. మడమలు పగిలి ఉన్నాయి. నేను సంచీలోంచి కొత్త తాళం తీశాను. అవును, పోయినదాని స్థానంలో అంతకంటే గట్టిది ఇంకొకటి కొన్నాను. మనిషికి బుద్ధి ఒక్కసారిగా రాదు. గొలుసు ఎలా దూర్చాలో, ఎందుకు రెండింటికి కలిపి చుట్టాలో, కెమెరా అన్న చెప్పిందంతా అక్కకు చూపించాను. ఆమె శ్రద్ధగా విన్నది. తాళం నొక్కి చూసింది, చెవితో తీసి చూసింది, బాగుందంది. తర్వాత నా చేతిలో పెట్టేసింది.

"నేను గుంపులల్ల నడిచి తిరిగే దినాలు గూడ ఉంటయి గదరా. అప్పుడు ఎవరి పోరనికన్న జరం ముదిరి దవాఖానకు పోవాల్నంటే, తాళమేసి ఉంటే ఏం తీస్కపోతరు?"

చెవిని జేబులో వేసుకుని లోపలికిపోయి పడుకున్నాను, సాయంత్రం దాకా లేవలేదు. లేచేసరికి సైకిలు లేదు. ఎవరు తీసుకుపోయారని నేను అడగలేదు.

ఇప్పుడు నేను కొత్తగూడెంలో ఒక ల్యాబ్‌కు ఇన్‌చార్జిని. రక్తం తీయడానికి వేరేవాళ్ళు పోతారు. నాకు ఒక స్కూటరు ఉంది. మూడంతస్తుల ఇంటి కింద దానికి హ్యాండిల్ తాళం వేసి, చక్రానికి గొలుసు వేసి, మెట్లెక్కుతాను. రెండో అంతస్తు దగ్గర అనుమానం వచ్చి కిందికి దిగుతాను. తాళం పడే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మళ్ళీ ఎక్కుతూ, ఆ గేటు చువ్వల వెనక ఉప్మా తింటూ నిలబడ్డ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడికి ఊరు నేర్పిన బతికే తెలివి ఇంకా కొంచెం మిగిలి ఉండేది. ఇన్నేళ్ళలో నా స్కూటరును ఎవరూ ఎత్తుకుపోలేదు. ఒకసారి ఇస్తావా అని అడిగిన మనిషీ లేడు.